వానకు, ఎండకు, చీకటికి ఓర్చే సైకిలు: అనుబంధ పరికరాల చరిత్ర

రక్తపుపోటు, మధుమేహం, స్థూలకాయం ఉన్నవారికి వైద్యులు చెప్పే సలహాలలో ప్రతిదినం కొంత శారీరక శ్రమ చెయ్యమన్నది ముఖ్యమైనది. వ్యాయామానికి వేరే సమయం దొరకదనేవారికి, పనిచేసే చోటికి సైకిలుపై వెళ్ళి రావడం చక్కని ఉపాయం. వయోజనులు వారానికి కనీసం 150 నిమిషాలు మధ్యస్థాయి శ్రమ చెయ్యాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తున్నది. వెళ్ళడానికి 15 నిమిషాలు, రావడానికి 15 నిమిషాలు చొప్పున వారానికి అయిదు దినాలు సైకిలు తొక్కితే ఆ లెక్క సరిపోతుంది.

ఈ మాట చెప్పగానే సాధారణంగా మూడు ప్రశ్నలు వస్తాయి. వానాకాలంలో ఎట్లా? ఎండాకాలంలో ఎట్లా? చీకటి పడిన తరువాత ఎట్లా? ఇవి సాకులని కొట్టిపారవేయదగిన ప్రశ్నలు కావు. సైకిలు పుట్టిన నాటినుంచి దానిని నిత్యం వాడినవారందరూ వీటినే ఎదుర్కొన్నారు. మడ్‌గార్డు, చెయిన్ కవరు, గంట, దీపం, వానకోటు, ఎర్రబిళ్ళ, హెల్మెట్ — ఇవన్నీ వారు వెదుక్కున్న సమాధానాలే. వీటిని మనం అనుబంధ పరికరాలంటున్నాము. నిజానికి ఆటవస్తువును ప్రయాణ సాధనంగా మార్చినవి ఇవే. ఆ చరిత్ర తెలిస్తే ఏది కొనవలెనో, ఎందుకు కొనవలెనో కూడా తెలుస్తుంది.

వాతావరణంతో ముడిపడిన పుట్టుక

జర్మనీకి చెందిన కార్ల్ డ్రైస్ 1817 జూన్ 12న మాన్‌హైమ్ నగరంలో, పెడళ్ళు లేని రెండు చక్రాల కొయ్యబండిపై కూర్చుని, కాళ్ళతో నేలను తన్నుకుంటూ ఊరి వెలుపలకు వెళ్ళి తిరిగి వచ్చాడు. నేటి సైకిలుకు మూలపురుషుడు ఆ బండే. అంతకు రెండేళ్ళ ముందు, 1815 ఏప్రిల్‌లో, ఇండోనేషియాలోని తంబోరా అగ్నిపర్వతం బ్రద్దలయింది. ఆకాశానికి ఎగసిన ధూళి, గంధక వాయువుల వలన 1816లో ఐరోపాలో వేసవి రానే లేదు. పంటలు పోయాయి, ఓట్ల ధర పెరిగింది, గుర్రాలను మేపడం భారమయింది. గుర్రం అక్కరలేని బండి ఆలోచనకు ఈ కరవే కారణమని కొందరు చరిత్రకారుల ఊహ. అందరూ దీనిని అంగీకరించలేదు. కాని ఆ బండిని వాతావరణం మొదటినుంచీ వెంటాడిందనడంలో సందేహం లేదు. గాడులు పడిన బురద బాటలపై దానిని నడపలేక జనం కాలిబాటల మీదకు ఎక్కించారు. ఫలితంగా అనేక నగరాలు దానిని నిషేధించాయి.

నీరు, బురద

1870లలో ముందుచక్రం మనిషి భుజమంత ఎత్తున ఉండే సైకిళ్ళు వచ్చాయి. వాటిపై కూర్చున్నవాడికి బురద అంతగా తగలదు కాని, పడితే తల నేలకు తగిలేది. 1885లో ఇంగ్లండులోని కావెంట్రీలో జాన్ కెంప్ స్టార్లీ తయారుచేసిన రోవర్ సైకిలుతో చక్రాలు రెండూ దాదాపు సమానమయ్యాయి, పెడళ్ళనుంచి వెనుకచక్రానికి గొలుసు వచ్చింది. పడే ప్రమాదం తగ్గింది. అయితే మనిషి నేలకు దగ్గరయ్యాడు. వెనుక చక్రం చిమ్మే బురద నేరుగా వీపుకు తగిలేది, గొలుసు నీటిలో తడిసి త్రుప్పు పట్టేది, బట్టల అంచులు గొలుసులో చిక్కుకునేవి. మడ్‌గార్డు, చెయిన్ కవరు అవసరమయినది అందువలననే.

ఇంగ్లండులోని వుల్వర్‌హాంప్టన్‌లో తయారయిన సన్‌బీమ్ సైకిళ్ళు ఈ విషయంలో ప్రసిద్ధి పొందాయి. వాటి గొలుసు పూర్తిగా మూసిన పెట్టెలో ఉండేది. పెట్టె అడుగున కొంచెం నూనె ఉండి, గొలుసు తిరిగినప్పుడల్లా అందులో తడిసేది. దుమ్ము చొరబడదు, నీరు చేరదు, బట్ట నలగదు. నెదర్లాండ్స్‌లో నేటికీ వాడుకలో ఉన్న నిత్యప్రయాణపు సైకిళ్ళకు గొలుసును మూసే కవరు, వెనుకచక్రంలో బట్ట పడకుండా తొడుగు ఉంటాయి. అక్కడ వానలు ఏడాది పొడుగునా పడుతూనే ఉంటాయి. ఆ దేశపువారు సైకిలు మానలేదు, సైకిలునే వానకు సిద్ధం చేసుకున్నారు.

గాలి నింపిన టైరు చరిత్ర కూడా ఇక్కడ చెప్పుకోవాలి. బెల్‌ఫాస్ట్‌లో పశువైద్యుడైన జాన్ బాయ్డ్ డన్‌లప్ తన కుమారుని మూడుచక్రాల సైకిలు రాతి వీధులపై కుదుపులు లేకుండా సాగడానికి రబ్బరు గొట్టంలో గాలి నింపి చక్రాలకు చుట్టాడు. 1888లో దానికి పేటెంటు పొందాడు. రాబర్ట్ విలియం థామ్సన్ అదే భావనకు 1845లోనే పేటెంటు తీసుకున్నట్లు తరువాత బయటపడి, డన్‌లప్ పేటెంటు చెల్లకుండా పోయింది. టైరు మాత్రం నిలిచింది. దానితోపాటు గాలిపంపు, పంక్చరు అతికే సామగ్రి ప్రయాణికుని సంచిలోకి చేరాయి.

వానకోటు కథ

వానకోటు సైకిలు కంటె ఏమంత చిన్నది కాదు. స్కాట్లండుకు చెందిన చార్లెస్ మాకింటోష్ 1823లో, రబ్బరును నాఫ్తాలో కరగించి రెండు గుడ్డల నడుమ పూసి, నీరు చొరని వస్త్రానికి పేటెంటు పొందాడు. ఆ వస్త్రం ఎండకు జిగురయ్యేది, చలికి బిగుసుకుపోయేది. రబ్బరును గంధకంతో వేడిచేస్తే ఆ దోషం పోతుందని అమెరికాలో చార్లెస్ గుడ్‌ఇయర్ 1839లో కనుగొన్న తరువాత వానకోట్లు మన్నికగలవయ్యాయి.

సైకిలు తొక్కేవారు కోటు కంటె పరచిన గొడుగువంటి కేపును ఇష్టపడ్డారు. అది భుజాలనుంచి హ్యాండిల్ మీదుగా పరచుకుని తొడలపై వాన పడనివ్వదు, క్రింద తెరచి ఉండడం వలన గాలి ఆడుతుంది. మన గొల్లలు, రైతులు తలమీదుగా కప్పుకునే గొంగడిలోనూ ఈ సూత్రమే ఉన్నది. నీరు జారిపోవాలి, లోపల గాలి ఆడాలి.

శరీరధర్మం దృష్ట్యా ఈ రెండవ భాగం చాల ముఖ్యం. శ్రమచేసే శరీరం చెమట పట్టి, ఆ చెమట ఆవిరి కావడం వలన చల్లబడుతుంది. గాలి ఆడని ప్లాస్టిక్ కోటులో చెమట ఆవిరి కాదు. వాన వెలుపలే ఆగినా మనిషి లోపల తడుస్తాడు, వేడెక్కుతాడు. 1969లో అమెరికాలో బాబ్ గోర్ టెఫ్లాన్‌ను సాగదీసి, అతి సూక్ష్మరంధ్రాలు గల పొరను తయారుచేశాడు. అది నీటిబొట్టును ఆపుతుంది, నీటి ఆవిరిని పోనిస్తుంది. 1976 నుంచి అటువంటి దుస్తులు అమ్మకానికి వచ్చాయి. వాటి ధర ఎక్కువ. మన తేమగాలిలో అవి చల్లని దేశాలలో పనిచేసినంత బాగా పనిచేయవు. సామాన్యునికి నేటికీ వదులైన కేపే మేలు.

చీకటిని జయించిన దీపాలు

బర్మింగ్‌హామ్‌లో బండిపై కిరోసిన్ అమ్మి జీవించిన జోసెఫ్ లూకస్ తరువాత దీపాల తయారీకి దిగాడు. ఎత్తు సైకిలు ముందుచక్రం నడుమ, ఇరుసుకు వ్రేలాడే నూనె దీపాన్ని 1879లో విడుదల చేశాడు. దానికి పెట్టిన పేరుకు 'రహదారికి రాజు' అని అర్థం. దాని వెలుగు దారి చూపడానికి బొటాబొటిగా సరిపోయేది. ఎదురుగాలికి, కుదుపుకు ఆరిపోయేది.

1888లో బ్రిటన్‌లో వచ్చిన స్థానిక ప్రభుత్వ చట్టం సైకిలును బండిగా గుర్తించింది. రోడ్డుపై నడిచే హక్కు దక్కింది, దానితో బాధ్యతలు కూడా వచ్చాయి. సూర్యాస్తమయమైన గంటనుంచి సూర్యోదయానికి గంట ముందు వరకు దీపం వెలగాలి. మరొక బండినో మనిషినో దాటేటప్పుడు గంటో ఈలో మ్రోగించి హెచ్చరించాలి. దీపం, గంట ఇష్టాయిష్టాలకు సంబంధించినవి కాకుండా పోయినది అప్పుడే.

1890లలో కాల్షియం కార్బైడ్ చౌకగా తయారుకావడంతో కొత్త దీపం వచ్చింది. పై అరలోని నీరు బొట్లుబొట్లుగా క్రింది అరలోని కార్బైడ్‌పై పడితే అసిటిలీన్ వాయువు పుట్టి, తెల్లని వెలుగుతో మండుతుంది. మామిడికాయలను మగ్గబెట్టడానికి వాడరాదని మన ప్రభుత్వం నిషేధించిన కార్బైడ్ ఇదే. ఆ దీపం వెలుగు గొప్పది, చాకిరీ కూడా గొప్పదే. ప్రతి ప్రయాణం తరువాత సున్నపు మడ్డి తీసి కడగాలి.

జపాన్‌లో బాల్యంలో సైకిలు దుకాణంలో పనిచేసిన కొనోసుకే మత్సుషితా 1923లో బ్యాటరీ దీపాన్ని తయారుచేశాడు. అప్పటి బ్యాటరీ దీపాలు రెండు మూడు గంటలకే ఆగిపోయేవి. ఇతనిది 30 నుంచి 40 గంటలు వెలిగింది. టోకు వర్తకులు నమ్మకపోతే, చిల్లర దుకాణాలలో దీపాలను వెలిగించి వదలి వచ్చి, ఎంతసేపు వెలుగుతాయో వారినే చూసుకోమన్నాడు. అతని సంస్థే తరువాతి కాలంలో పానాసోనిక్ అయింది.

టైరుకు ఆనుకుని తిరిగే డైనమో మన తరానికి బాగా తెలిసినదే. బ్యాటరీ ఖర్చు లేదు కాని, వానలో తడి టైరుపై జారేది, సైకిలు ఆగితే దీపం ఆరేది. 1930లలో ఇంగ్లండులోని స్టర్మీ-ఆర్చర్ సంస్థ చక్రపు ఇరుసులోనే డైనమో అమర్చి ఆ జారుడు సమస్యను తీర్చింది. 1990లలో నీలికాంతి ఎల్‌ఈడీ వచ్చి, తెల్లని ఎల్‌ఈడీకి దారి ఏర్పడింది. ఆ కృషికి ముగ్గురు జపాన్ సంతతి శాస్త్రజ్ఞులు 2014లో నోబెల్ బహుమతి పొందారు. నేడు గుప్పెట్లో పట్టే దీపం నూరేళ్ళ క్రిందటి పెద్ద దీపాల కంటె ఎక్కువ వెలుగునిస్తున్నది.

వెనుక దీపంపై వివాదం

ముందు దీపాన్ని ఎవరూ పెద్దగా వ్యతిరేకించలేదు. వెనుక ఎర్రదీపం మాత్రం బ్రిటన్‌లో దశాబ్దాల వివాదానికి కారణమయింది. 1878లో స్థాపించబడిన సైక్లిస్టుల సంఘం దానిని గట్టిగా ఎదిరించింది. వారి వాదం ఆలోచింపదగినది. మోటారు నడిపేవాడు తన దీపపు వెలుగులో కనిపించే దూరంలో ఆపగల వేగంతోనే నడపాలి. సైకిలుకు వెనుక దీపం తప్పనిసరి చేస్తే, గుద్దినవాని బాధ్యత దెబ్బతిన్నవానిపైకి మళ్ళుతుంది. నడిచిపోయేవారికి, పశువులకు దీపం ఉండదు కదా అని వారు ప్రశ్నించారు.

1927 నాటి చట్టం మధ్యేమార్గంగా ఎర్రదీపమో ఎర్రబిళ్ళో ఏదో ఒకటి ఉంటే చాలన్నది. 1939లో యుద్ధం వచ్చింది. విమానదాడుల భయంతో వీధిదీపాలు ఆర్పివేశారు, మోటారు దీపాలకు ముసుగులు వేశారు. సైకిలుకు వెనుక దీపం తప్పనిసరి అయింది. 1941లో బ్రిటన్ రోడ్లపై 9,169 మంది మరణించారు. ఆ దేశ చరిత్రలో అంతకు మించిన సంఖ్య నేటికీ నమోదు కాలేదు. ఆ చీకటి వెనుక దీపంపై వాదానికి అవకాశం లేకుండా చేసింది.

న్యాయం సంఘం పక్షాన కొంత ఉన్నదని నా అభిప్రాయం. కాని వైద్యుడు న్యాయం తేలేవరకు ఆగలేడు. రాత్రివేళ అత్యవసర విభాగంలో పనిచేసిన ప్రతి వైద్యుడూ లారీ డ్రైవరు నోటినుంచో, వెంట వచ్చిన పోలీసు నోటినుంచో ఒకే మాట వింటాడు: సైకిలు కనిపించలేదని. లెక్క వేస్తే ఆ మాటలో సత్యం ఉన్నది. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోయే వాహనం క్షణానికి దాదాపు 17 మీటర్లు సాగుతుంది. కన్ను చూచి, మెదడు గ్రహించి, కాలు బ్రేకు తొక్కేసరికి ఒకటిన్నర క్షణం పడుతుందనుకుంటే 25 మీటర్లు గడిచిపోతాయి. బ్రేకు పనిచేయడం ఆ తరువాత మొదలవుతుంది. నల్ల సైకిలుపై ముదురు రంగు బట్టలు కట్టుకున్న మనిషి అంతకంటె ముందుగా కనిపించకపోతే, జాగ్రత్త గల డ్రైవరు కూడా ఆపలేడు. అదే ఎర్రబిళ్ళ 150 మీటర్ల దూరంలో మెరిస్తే అతనికి తొమ్మిది క్షణాల వ్యవధి దొరుకుతుంది.

ఆ బిళ్ళలో విద్యుత్తు లేదు. ఒకదానికొకటి లంబంగా ఉన్న మూడు చిన్న తలాలపై పడిన కాంతి ఏ దిశనుంచి వచ్చిందో తిరిగి ఆ దిశకే పోతుంది. ఆ కాంతి డ్రైవరు కంటికే చేరుతుంది. అయితే ఇందులో ఒక పరిమితి ఉన్నది. వాహనపు దీపం తన మీద పడనంతవరకు బిళ్ళ చీకటిలోనే ఉంటుంది. అందుకని బిళ్ళ, దీపం రెండూ ఉండడం ఉత్తమం. మెరిసే పసుపుపచ్చ, నారింజ రంగు బట్టలు అతినీల కాంతిని గ్రహించి కంటికి కనిపించే కాంతిగా మారుస్తాయి. అవి పగలు, మబ్బులో, సంధ్యవేళ ఉపయోగిస్తాయి. రాత్రి వీధిదీపాల క్రింద ఆ లాభం ఉండదు.

శిరస్సుకు రక్షణ

1935 మేలో మోటారు సైకిలు ప్రమాదంలో గాయపడిన టి.ఇ. లారెన్స్ ఆరు దినాలు స్పృహ లేకుండా ఉండి మరణించాడు. అతనిని చూచిన వైద్యులలో హ్యూ కెయిర్న్స్ అనే ఆస్ట్రేలియా జన్ములైన మెదడు శస్త్రచికిత్సకులు ఉన్నారు. ఆ తరువాత యుద్ధకాలంలో సైనిక వార్తాహరుల తలగాయాలను పరిశీలించి, 1941లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఆయన వ్యాసం ప్రచురించారు. హెల్మెట్ ధరించి ప్రమాదానికి గురయిన ఏడుగురు ఆయన పరిశీలనకు వచ్చారు, వారెవ్వరూ మరణించలేదు. ఆ సంవత్సరమే బ్రిటిష్ సైన్యం మోటారు సైకిలు నడిపే సైనికులకు హెల్మెట్ తప్పనిసరి చేసింది.

సైకిలు తొక్కేవారు అప్పటికి తోలుపట్టీల టోపీలతోనే సరిపెట్టుకునేవారు. 1975లో అమెరికాలో, లోపల గట్టి నురుగు గల సైకిలు హెల్మెట్ వచ్చింది. దెబ్బ తగిలినప్పుడు ఆ నురుగు నలిగి, దెబ్బ వేగాన్ని తాను గ్రహిస్తుంది. కనుక ఒకసారి గట్టి దెబ్బ తిన్న హెల్మెట్‌ను మరల వాడరాదు. 1990లో ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రం సైకిలుకు హెల్మెట్ తప్పనిసరి చేసింది. నెదర్లాండ్స్ అటువంటి చట్టం చేయక, వేరు బాటలు నిర్మించింది. ఇందులో ఏ ఒక్కటీ రెండవదానికి బదులు కాజాలదు. హెల్మెట్ తలగాయాన్ని తగ్గిస్తుంది కాని ప్రమాదాన్ని ఆపదు. బాట ప్రమాదాన్ని తగ్గిస్తుంది కాని జారిపడడాన్ని ఆపదు.

మన దేశంలో

స్వాతంత్ర్యానికి ముందు మన ఊళ్ళలో ర్యాలీ, బి.ఎస్.ఎ., హెర్క్యులిస్ వంటి ఇంగ్లండు సైకిళ్ళు తిరిగేవి. 1949లో మద్రాసులో టి.ఐ. సైకిల్స్, 1951లో సోనీపత్‌లో అట్లాస్, 1956లో లూధియానాలో హీరో సంస్థలు ప్రారంభమయ్యాయి. అవి తయారుచేసిన నల్ల సైకిలుకు రెండు మడ్‌గార్డులు, గొలుసును మూసే కవరు, క్యారియరు, స్టాండు, గంట ఉండేవి. పంచె కట్టినవారైనా, చీర కట్టినవారైనా దానిపై వెళ్ళగలిగేవారు. మా చిన్నతనంలో పురపాలక సంఘాలు సైకిలుకు పన్ను వసూలుచేసి లైసెన్సు బిళ్ళ ఇచ్చేవి. రాత్రి దీపం లేకుండా వస్తే పోలీసు ఆపి చక్రంలో గాలి తీసేవాడు. అది చికాకుగా ఉండేది కాని, దీపం లేని సైకిలు సైకిలే కాదన్న భావం సమాజంలో ఉండేది.

నేడు రెండు రకాల సైకిళ్ళు కనిపిస్తున్నాయి. ఒకటి, వ్యాయామానికి కొనే గేర్ల సైకిలు. దానికి మడ్‌గార్డు, కవరు, క్యారియరు తరచుగా ఉండవు. ఆదివారం ఉదయానికి తగినది, సోమవారం వానకు తగినది కాదు. రెండవది, కూలికి, కాపలాకు, పాలకు, కాగితాల పంపిణీకి వాడే పాత నల్ల సైకిలు. దాని డైనమో ఎన్నడో ఊడిపోయింది, ఎర్రబిళ్ళ పగిలిపోయింది. వెలుగును మరలించే ఈ బిళ్ళల నాణ్యతకు ప్రమాణం తప్పనిసరి చేస్తూ కేంద్ర ప్రభుత్వం 2020లో ఉత్తర్వు ఇచ్చింది. అది కొత్త సైకిళ్ళకు మేలు చేస్తుంది. పాతవాటి మాట మనమే చూసుకోవాలి.

చరిత్ర నేర్పిన జాబితా

అన్ని కాలాలకు: ముందు తెల్లదీపం, వెనుక ఎర్రదీపం, వెనుక ఎర్రబిళ్ళ, పెడళ్ళకు పచ్చని బిళ్ళలు. పెడళ్ళతో పైకీ క్రిందికీ కదిలే వెలుగును చూడగానే అది మనిషి అని డ్రైవరు మెదడు త్వరగా గుర్తిస్తుంది. గంట, సరిగా అమరిన హెల్మెట్, గాలిపంపు, పంక్చరు సామగ్రి కూడా ఉండాలి.

వానకు: పూర్తి మడ్‌గార్డులు, చెయిన్ కవరు, లేతరంగు కేపు, సామానుకు నీరు చొరని సంచి. తడిసిన రిమ్ముపై బ్రేకు ఆలస్యంగా పట్టుతుంది కనుక ముందుగానే నొక్కాలి. నిలిచిన నీటిలో గుంట, మూతలేని మురుగు కంత కనిపించవు. అటువంటి చోట దిగి, ప్రక్కకు తప్పుకోవాలి. కాళ్ళకు పుండ్లు ఉన్నవారు మురుగునీటిలో దిగితే ఎలుకల మూత్రం వలన వచ్చే లెప్టోస్పైరోసిస్ సోకవచ్చు. ఉరుములు మెరుపులు ఉంటే ప్రయాణం ఆపాలి.

ఎండకు: నీటిసీసా పట్టే చట్రం, కళ్ళకు దుమ్ము పడని అద్దాలు, హెల్మెట్ క్రింద పలుచని నూలుగుడ్డ. సంచిని వీపున కాక క్యారియరుపై పెడితే వీపుకు గాలి ఆడుతుంది. వడగాడ్పుల దినాలలో ఉదయం 11 నుంచి సాయంకాలం 4 గంటల వరకు ఏ పరికరమూ చాలదు. ఆ వేళ సైకిలు తొక్కరాదు. మధుమేహానికి మందులు వాడేవారు జేబులో చక్కెర ఉంచుకోవాలి. పాదాలలో స్పర్శ తగ్గినవారు చెప్పులు కాక బూట్లు తొడగాలి. గుండెజబ్బు ఉన్నవారు తమ వైద్యుని అడిగిన తరువాతనే మొదలుపెట్టాలి.

ఈ వ్యాసం చదివేవారిలో అధికులు సైకిలు తొక్కకపోవచ్చు. అయినా మీ ఇంటికి తెల్లవారుజామున పాలు తెచ్చేవారు, మీ అపార్టుమెంటుకు రాత్రి కాపలాకు వచ్చేవారు సైకిలుపై వస్తుండవచ్చు. ఒకసారి వారి సైకిలు వెనుక చూడండి. అక్కడ ఎర్రబిళ్ళ లేకపోతే ఒకటి కొని బిగించి ఇవ్వండి. ఖర్చు స్వల్పం. దారిలో కారు నడిపేది మీరే అయితే, ఆ బిళ్ళ మీకూ మేలు చేస్తుంది. బిళ్ళ లేని సైకిలు కూడా ముందు ఉండవచ్చునని తలచి, మీ దీపపు వెలుగు చేరే దూరంలో ఆగగల వేగంతో నడపండి.